ఎవరితో కలవాలి? - కొల్లేటి ప్రాంత ఉద్యమాలూ, మన సాహిత్యమూ

మన కథల్లో ఐక్యత చాలా తేలికగా వచ్చేస్తుంది. మొదటి నాలుగు పేజీల్లో భూస్వామి దౌర్జన్యం, తరువాత రెండు పేజీల్లో చదువుకొన్న యువకుడొకడి రాక, చివరి పేరాలో ఊరంతా ఒక్కటై జెండా పట్టుకొని బయలుదేరటం. ఆ ఊరు ఒక్కటి కావటానికి ముందు పల్లె నుంచి ఎవరు వచ్చారు, వారిని అరుగుమీదికి రానిచ్చినవారెవరు, చిన్నరైతు తన పాలేరు పక్కన కూర్చోటానికి ఎన్నాళ్లు పట్టింది, అలా కూర్చోటానికి ఒప్పుకొన్నందుకు పాలేరు ఏమి అడిగాడు, రైతు ఏమి వదులుకొన్నాడు - ఇవేవీ కథలో వుండవు. కథ ముగిసిన చోట ఉద్యమం చేసేవాడి పని మొదలవుతుంది. విమర్శకులమైన మనం కూడా ఆ చివరి పేరా చూసి సంతోషించి, 'చైతన్యవంతమైన ముగింపు' అని రాసి ఊరుకొంటున్నాం.

ఐక్యసంఘటన అనే మాట మనకు కొత్త కాదు. ఫాసిజానికి ఎదురుగా విశాలమైన సంఘటన కట్టాలని 1935లో దిమిత్రోవ్ చెప్పాడు. మరుసటి యేడు ఏప్రిల్‌లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల మహాసభ జరిగింది. 1943లో తాపీ ధర్మారావు గారి అధ్యక్షతన తెనాలిలో మన ఆంధ్ర సంఘం పుట్టింది. అంటే, మనం ఐక్యసంఘటన బిడ్డలమే. కాని ఇంట్లో రోజూ వాడే మాటకు అరుగుదల ఎక్కువ. ఇవాళ సభల్లో 'అందరం కలవాలి' అని అనేవారే గాని, ఎవరెవరం, దేనికోసం, ఎవరి షరతులమీద అని అడిగేవారు తక్కువ. ఈ వ్యాసంలో నేను ఆ మూడు ప్రశ్నలనూ ఏలూరు చుట్టుపక్కల, ముఖ్యంగా కొల్లేటిలో, జరిగిన చరిత్రను పెట్టి అడగదలచుకొన్నాను. దూరదేశాల ఉదాహరణలు చెప్పటం సులభం. అక్కడివారు లేచి 'అలా జరగలేదు' అనరు గదా!

ముందు మన గొప్ప విజయాన్నే తీసుకొందాం. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు రాసిన 'మా భూమి' నాటకం. తెలంగాణంలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణం కోల్పోయిన ముస్లిం రైతు బందగీ దానికి ప్రేరణ. ప్రజానాట్యమండలి దళాలు ఆ నాటకాన్ని సర్కారు జిల్లాల్లో ఊరూరా ఆడినవి. మద్రాసు ప్రభుత్వం భయపడి నిషేధించింది. ఒక నాటకాన్ని చూసి ప్రభుత్వం భయపడిందంటే, అందులోని సంభాషణలకు భయపడిందని నేననుకోను. నాటకం ఆడేచోట ఎవరెవరు పక్కపక్కన కూర్చుంటున్నారో చూసి భయపడింది. పందిరి వేసినవాడు కూలివాడు, దీపం అరువిచ్చినవాడు చిల్లరకొట్టు కోమటి, వేషం కట్టినవాడు బడిపంతులు, కబురు అందుకొని పక్క ఊళ్లనుంచి బళ్లు కట్టుకొని వచ్చినవారు జమీందారీ రైతులు. నాటకంలో చూపిన ఐక్యతకంటే, నాటకం ఆడటంలో ఏర్పడిన ఐక్యత పెద్దది. ఈ తేడాను మన విమర్శ గట్టిగా పట్టుకోలేదు.

ఆ కూటమి గెలిచింది కూడా. మునగాల, చల్లపల్లి, మందస వంటి చోట్ల సాగిన రైతుల పోరాటాల ఫలితంగా, ప్రకాశం గారి అధ్యక్షతన 1938లో వచ్చిన ఎస్టేట్ల విచారణ సంఘ నివేదిక తరువాత పదేళ్లకు, 1948లో మద్రాసు శాసనసభ జమీందారీలను రద్దుచేస్తూ చట్టం చేసింది. రైతుకు పట్టా దక్కింది. బాగానే వున్నది. కాని ఆ పందిరి వేసిన కూలివాడికి ఏమి దక్కింది? చట్టం పేరులోనే వున్నది: రద్దుచేసి రైత్వారీగా మార్చే చట్టం. రైతుగా లెక్కకు వచ్చినవాడికే అందులో చోటు. జమీందారు అనే ఒకే శత్రువు నెత్తిన వున్నంతకాలం, రైతూ కూలీ ఒక్కటిగా కనిపించారు. అతడు పోయిన మరునాడు రైతుకు కూలీ, కూలీకి రైతు ఎదురుగా నిలబడ్డారు. 'ఇప్పుడేమిటి' అని కూలివాడు అడిగిన ప్రశ్నకు సమాధానంగా మన దగ్గర మరొక 'మా భూమి' లేదు. పాత నాటకాన్నే పాత్రల పేర్లు మార్చి రాసుకొంటూ వచ్చాం. నా ఉద్దేశంలో మన కథల్లోని తేలిక ఐక్యతకు మూలం ఇక్కడ వున్నది. శత్రువు కోటలో వున్న రోజుల్లో అచ్చుపోసిన మూసను, శత్రువు పక్కింట్లోనూ, ఒక్కొక్కప్పుడు మన సంఘం కార్యవర్గంలోనూ వున్న రోజులకు వాడుకొంటున్నాం.

కొల్లేటి కథ ఈ మూసకు లొంగదు. అందుకే దాన్ని ఎంచుకొన్నాను.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, లెక్కలేనన్ని మురుగుకాలువలు అందులో పడతవి. వచ్చిన నీరు సముద్రానికి పోవటానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలం కొల్లేరు పొంగి ఊళ్ల మీదికి వస్తుంది, వేసవిలో తగ్గి నేల వదిలిపెడుతుంది. నీరు వున్నప్పుడు చేప, నీరు తీసినప్పుడు వరి. కొల్లేటి నడుమ లంకల్లో వున్న ఊళ్లు 46 అనీ, ఒడ్డు వెంబడి ఊళ్లు 76 అనీ లెక్క చెబుతారు. లంకల్లో ఎక్కువగా వడ్డి కులంవారు. దోనె, వల, మావు వారి ఆస్తి. ఒడ్డున వ్యవసాయ కులాలవారు, వారి పొలాల్లో పనిచేసే దళితులు. నీటికి సరిహద్దురాయి వుండదు గనుక, కొల్లేరు ఎవరిదంటే అందరిదీ అనే మాట పుట్టింది. కాని 'అందరిదీ' అన్న చోట 'ఎవరిదీ కాదు' అని చదువుకొనే నేర్పరులు ఎప్పుడూ వుంటారు.

1970లలో, జలగం వెంగళరావు గారి ప్రభుత్వ కాలంలో, కొల్లేటి గర్భంలో పేదలచేత సహకార సంఘాలు పెట్టించి, చేపల చెరువులు తవ్వించే పథకం వచ్చింది. వడ్డి కులంవారికీ దళితులకూ సంఘాలు ఏర్పడినవి. కాగితం మీద చూస్తే ఇంతకంటే అభ్యుదయకరమైన పని ఏముంటుంది? ఉత్పత్తి సాధనం శ్రామికుల సమిష్టి చేతిలోకి వచ్చింది. మనలో చాలామంది దీన్ని విజయమనే అనుకొన్నారు. ఇందులో లోపం ఎక్కడ వున్నదో తెలుసుకోవాలంటే సిద్ధాంత గ్రంథాలు అక్కరలేదు, చెరువు ఖర్చు ఒకటి తెలిస్తే చాలు.

గట్టు వెయ్యాలి, ఏటేటా తెగిన చోట మళ్లీ వెయ్యాలి. పిల్ల కొనాలి. తవుడూ, చెక్కా, ఎరువూ కొనాలి. బొచ్చె, శీలావతి అమ్మకానికి వచ్చేదాకా నెలల తరబడి మేపాలి. ఆఖరికి ఐసు వేసి లారీ ఎక్కించి హౌరా పంపాలి. అక్కడి ధర మరునాడు ఏమవుతుందో ఇక్కడివాడికి తెలియదు. దినదినం వల వేసి సాయంత్రానికి నాలుగు రూపాయలు చూసుకొనేవాడు ఏడాది పెట్టుబడి ఎక్కడినుంచి తెస్తాడు? తెచ్చేవాడు ఒడ్డున వున్నాడు. అతడికి సంఘం పేరు కావాలి, సంఘానికి అతడి డబ్బు కావాలి. చెరువు లీజుకు వెళ్లింది. సంఘ సభ్యుడికి సంవత్సరానికి ఇంతని వాటా వస్తుంది. అదే చెరువు మీద కాపలా పనో, వల లాగే పనో చేస్తే కూలి వస్తుంది. పత్రంలో యజమాని, గట్టు మీద కూలి. లీజుదారులు కూడా అందరూ ఒక తీరు కాదు. నాలుగెకరాలు పట్టినవాడున్నాడు, వందల ఎకరాలు చుట్టినవాడున్నాడు, హైదరాబాదులో కూర్చొని పెట్టుబడి మాత్రం పంపినవాడున్నాడు. క్రమక్రమంగా సంఘాలకిచ్చిన చెరువులేగాక, ఏ పత్రమూ లేని చెరువులు కూడా సరస్సు పొడుగునా పెరిగినవి. కిక్కిస పెరిగిన చోట గట్లు పెరిగినవి. వరద వచ్చిననాడు నీటికి పరుచుకొనే చోటు లేక ఊళ్లలోకి వచ్చింది.

గమనించండి. ఇక్కడ పేదవాణ్ణి ఎవరూ కొరడాతో కొట్టలేదు. ఏడాదికొకసారి చేతిలో డబ్బు పెట్టారు, కూతురి పెళ్లికి అప్పిచ్చారు, గుడి కట్టటానికి చందా ఇచ్చారు. ఇటువంటి సంబంధాన్ని మన 'భూస్వామి - పాలేరు' మూసలో పోసి కథ రాస్తే అది అబద్ధం అవుతుంది. లంక గ్రామస్థుడు చదివితే నవ్వుతాడు కూడా.

రెండో అంకం 1999 అక్టోబరులో మొదలయింది. ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు వున్న 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని, 1972 వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యంగా ప్రభుత్వం ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్సర్ జాబితాలో కొల్లేరు చేరింది. పర్యావరణవాదులు ఏళ్లతరబడి న్యాయస్థానాల్లో పోరాడారు. సుప్రీంకోర్టు సాధికార సంఘం వచ్చి చూసింది. 2006లో, రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వ కాలంలో, పొక్లెయిన్లు దిగి వేలాది ఎకరాల చెరువుల గట్లు పగలగొట్టినవి.

పర్యావరణవాదుల వాదన సరైనదే. గట్లు పోనిదే నీరు పారదు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. అయితే గట్టు తెగినరోజు గట్టు మీద ఎవరెవరు నిలబడి వున్నారు? లంకల పేదలూ, వారి చెరువులు లీజుకు పట్టిన పెట్టుబడిదారులూ ఒకే ధర్నాలో, ఒకే నినాదంతో నిలబడి వున్నారు. ఇరవై ఏళ్లుగా తన చెరువులో తనను కూలీని చేసినవాడి పక్కన నిలబడి లంకవాడు 'మా పొట్ట కొట్టొద్దు' అంటున్నాడు. అతడిది అజ్ఞానమని తీసిపారెయ్యటం పట్నవాసపు అహంకారం. అతడికి నష్టం నిజం. ఏటా వచ్చే వాటా పోయింది, కాపలా కూలి పోయింది, వందల ఎకరాల్లో మళ్లీ స్వేచ్ఛగా వల వేసుకొనే కొల్లేరు ఎప్పుడు తిరిగివస్తుందో చెప్పేవారు లేరు. పక్షుల గురించి మాట్లాడినవారు చాలామంది అతడి దగ్గరికి రాలేదు. వచ్చినవాడు లీజుదారు ఒక్కడే. వాన కురిసేటప్పుడు గొడుగు ఎవరిదని ఎవడు అడుగుతాడు?

ఇదే నేను చెప్పదలచుకొన్న అసలు విషయం. ఐక్యసంఘటన కట్టటం మనకు మాత్రమే తెలిసిన విద్య అని మనం భ్రమపడుతున్నాం. కొల్లేటిలో చక్కని ఐక్యసంఘటన కట్టినది పెట్టుబడి. కులపెద్దలను కలుపుకొన్నది, రెండు మూడు పార్టీల నాయకులను కలుపుకొన్నది, జిరాయితీ భూములు అభయారణ్యంలో చిక్కుకుపోయిన చిన్నరైతుల న్యాయమైన గోడును కూడా తన గోడులో కలిపేసుకొన్నది. ఆ చిన్నరైతు బాధ వేరు, వందల ఎకరాల చెరువుల యజమాని బాధ వేరు అని విడదీసి చెప్పే గొంతు ఎక్కడా లేదు. ఫలితంగా 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. అసెంబ్లీలో ప్రతిపక్షమూ అధికారపక్షమూ ఎన్ని విషయాల మీద ఒక్కటవుతవో మనకు తెలుసు. దీని మీద మాత్రం ఒక్కటయినవి. తరువాత కేంద్రం వేసిన అజీజ్ సంఘం ఆ కుదింపును సమర్థించలేదు. కాగితం మీద ఐదో కాంటూరు నిలిచింది. నేల మీద చెరువులు మళ్లీ మెల్లగా తిరిగివచ్చినవి. కోర్టులో గెలిచిన పక్షానికి ఊళ్లో మనుషులు లేరు. ఊళ్లో మనుషులున్న పక్షం కోర్టులో ఓడినా నష్టపోలేదు.

ఇలాగే కావలసి వున్నదా? మన తీరం వెంట ఉత్తరంగా పోతే చిలకసరస్సు వున్నది. 1990ల ప్రారంభంలో అక్కడ టాటా వారు ఒరిస్సా ప్రభుత్వంతో కలిసి పెద్దఎత్తున రొయ్యల చెరువుల పథకం తలపెట్టారు. భువనేశ్వరంలోని ఉత్కళ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు ఊళ్లకు వెళ్లారు. ఉపన్యాసాలు చెప్పటానికంటే ముందు అడిగి తెలుసుకోటానికి వెళ్లారు. అక్కడి మత్స్యకారులకు అప్పటికే తమ సహకార సంఘాల మహాసంఘం వున్నది; ఉద్యమం వారి పేరున, వారి కోరిక మీద నడిచింది. విద్యార్థులూ, శాస్త్రజ్ఞులూ, పర్యావరణవాదులూ దానికి చేదోడుగా నిలిచారు. టాటాలు వెనక్కు తగ్గారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతంలో రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పు వెనక తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన వ్యాజ్యం వున్నది. అంటే, గాంధేయుడి వ్యాజ్యమూ జాలరి పడవా ఒకే దిక్కుకు నడిచినవి. అక్కడితో చిలక కష్టాలు తీరలేదు. స్థానిక రొయ్యల వ్యాపారుల మీద పోరాటంలో 1999లో పోలీసు కాల్పులకు మత్స్యకారులు బలయ్యారు. అయినా అక్కడి జాలరికి తన శత్రువెవరో తెలుసు. పక్షుల గురించి మాట్లాడినవారూ, వల గురించి మాట్లాడినవారూ అక్కడ ఒకరి భాష ఒకరు నేర్చుకొన్నారు. కొల్లేటిలో పక్షులది ఒక పార్టీ, మనుషులది ఒక పార్టీ అయింది.

మన రాష్ట్రంలోనే మరో ఉదాహరణ, మన సాహిత్యకారులకు మరింత పనికివచ్చేది, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం. అక్షరాస్యతా కార్యక్రమంలో ఆడవాళ్లు చదువుకొన్న వాచకంలో సారా దుకాణం మూయించిన సీతమ్మ అనే స్త్రీ కథ ఒకటి వున్నది. దాన్ని రాసినవారు మహా రచయితలమని అనుకొని వుండరు. ఏ విమర్శకుడూ దాని శిల్పం గురించి వ్యాసం రాయలేదు. కాని తెలుగులో గత నాలుగైదు దశాబ్దాల్లో ఒక పాఠం చదివి మనుషులు వీధిలోకి వచ్చిన సందర్భం నాకు తెలిసి అదే. ఎందువల్ల? ఆ కథ ఐక్యతను చివరి పేరాలో ప్రకటించలేదు. చదివే పద్ధతిలోనే ఐక్యతను పెట్టింది. రాత్రి బడిలో పదిమంది కూర్చొని గట్టిగా చదివి, 'మన ఊళ్లో ఎలా?' అని మాట్లాడుకోటానికి రాసిన కథ అది. మా భూమి పందిరి కింద జరిగిందే ఇక్కడ లాంతరు కింద జరిగింది.

ఆ ఉద్యమంలో ఇంకొక నేర్పు వున్నది. 'మద్యం చెడ్డది' అని ఊరికే అనలేదు. సారా వేలంపాట అనే ముడిని పట్టుకొన్నారు. పాట జరగనివ్వకపోతే దుకాణం లేదు, ప్రభుత్వానికి ఆదాయం లేదు, కాంట్రాక్టరుకు ధైర్యం లేదు. ప్రత్యర్థుల కూటమి అంతా ఆ ఒక్క ముడిమీద ఆధారపడి వున్నదని కూలికి పోయే స్త్రీలు కనిపెట్టారు. వామపక్ష మహిళాసంఘాలు, అక్షరాస్యతా కార్యకర్తలు, ఉపాధ్యాయులు, పత్రికలు తలొక చెయ్యి వేశారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. సడలటానికి కారణం కూడా మనకు పాఠమే: మొదటి కోరిక ఆ స్త్రీలది, రెండోది ఎన్నికల వేదికలమీద పెరిగినది. ఉద్యమం కోరికను ఇంకొకరు తమదిగా ఎత్తుకుపోయినప్పుడు దాన్ని కాపాడవలసిన బాధ్యత ఎవరిమీదా వుండదు.

కొల్లేటిలో ఆ ముడి ఏది? లీజు. లీజు పత్రం లేనిదే సంఘం పేరు పెట్టుబడికి పనికిరాదు. సంఘాలకే పిల్లకూ మేతకూ బాంకు అప్పు వచ్చి, అమ్మకానికి సొంత ఏర్పాటు వున్నట్లయితే? లేదా సంప్రదాయ వేటకు హక్కుపత్రం, గట్లు తీసిన ప్రతి ఎకరానికీ లంకవాసులకు జీవనభృతి ముందు, పొక్లెయిను తరువాత అన్నట్లయితే? పర్యావరణవాది ఈ మాట 2006కు ముందు ఎలుగెత్తి అని వుంటే లంకవాడు లీజుదారు గొడుగు కిందినుంచి ఒక అడుగైనా ఇవతలికి వేసేవాడేమో. భీమవరం దగ్గర తుందుర్రులో 2014 తరువాత ఆక్వా ఫుడ్ పార్కుకు వ్యతిరేకంగా జాలరులూ, చిన్నరైతులూ, దళితులూ, ముఖ్యంగా స్త్రీలు, నిషేధాజ్ఞలకూ అరెస్టులకూ ఓర్చి నిలబడ్డారు. కర్మాగారాన్ని ఆపలేకపోయినా, గొంతేరు కాలువలోకి వ్యర్థజలాలు వదలం, సముద్రంలోకి గొట్టం వేస్తాం అని ప్రభుత్వంచేత అనిపించారు. అక్కడ చేపలు పట్టేవాడూ వరి పండించేవాడూ ఒకే కాలువ నీటితో ముడిపడి వుండటం కూటమికి పునాది అయింది. కొల్లేటిలో కూడా నీరు ఒకటే. ఆ నీటినుంచి వచ్చే డబ్బు మాత్రం ఒకచోటికి పోయింది.

ఆ మధ్య తాడేపల్లిగూడెంలో విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసిన చిన్న గోష్ఠిలో ఈ సంగతులు మాట్లాడాను. ఒక ఉపాధ్యాయ మిత్రుడు లేచి, 'ఇలా ఒక్కొక్కరి స్వార్థాన్ని విప్పి చూపిస్తే ఉన్న ఐక్యత కూడా పోతుంది గదా మాస్టారూ, ముందు కలిసి గెలిచి తరువాత తేల్చుకోవచ్చు' అన్నారు. ఆ మాటలో నిజం కొంత వున్నది. ప్రతి తేడానూ ముందే తేల్చుకోవాలంటే ఏ ఊరేగింపూ బయలుదేరదు. అయితే 'తరువాత తేల్చుకొందాం' అనేది ఎప్పుడూ బలవంతుడి నోటినుంచే వస్తుంది. బలహీనుడికి 'తరువాత' అనే రోజు రాదు. నేను ఆయన జిల్లా సంగతే ఎత్తి చెప్పాను. మన పశ్చిమడెల్టాలో పొలం దున్నేవాడు చాలాచోట్ల కౌలుదారు. 2011లో కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం వచ్చింది. 2019లో దాన్ని తీసివేసి, పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం పెడితేనే సాగుదారుకు కార్డు అనే చట్టం తెచ్చారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. పెట్టమని అడిగితే కౌలు పోతుందేమోనని కౌలుదారు భయం. ఇద్దరూ ఒకే 'రైతు' బోర్డు కింద కూర్చున్నంతకాలం ఆ సంతకం మాట ఎవరు ఎత్తుతారు? 2011లోనే ఎదుటి ఒడ్డున కోనసీమ రైతులు గిట్టుబాటు ధర కోసం పంట విరామం ప్రకటించారు. దేశమంతా చూసింది, ప్రభుత్వం మోహన్ కందా సంఘాన్ని వేసింది. న్యాయమైన పోరాటమే. పంట వేయని ఆ సార్వాలో నాట్ల కూలికి వెళ్లే స్త్రీల పొయ్యి సంగతి ఆ పోరాటపు కోరికల్లో ఏ స్థానంలో వున్నదో, విద్యార్థి మిత్రులు ఆనాటి పత్రికలు తీసి చూడవలసిందని కోరాను. ఒక అమ్మాయి, తన నాయనమ్మ నాట్లకు వెళ్లేదని చెప్పి, వెంటనే ఆ పని తీసుకొన్నది.

ఇక మన సాహిత్యం. కొల్లేటి మీద ఇటీవల వచ్చిన ముఖ్యమైన నవల అక్కినేని కుటుంబరావు గారి 'కొల్లేటి జాడలు'. ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది. చిన్ననాటి కొల్లేటిని, వరదలకు ఎదురు నిలిచి కలిసి బతికిన ఊరిని, జ్ఞాపకాలుగా చెప్పిన రచన. జ్ఞాపకానికి ఒక రాజకీయ విలువ వున్నదని నేను నమ్ముతాను. కొల్లేరు ఎప్పుడూ చెరువుల గుంపే అనుకొనే నేటి విద్యార్థికి, ఒకప్పుడు ఆ నీటికి గట్లు లేవని చెప్పటమే పెద్ద పని. ఆ పని ఈ నవలవల్ల జరిగింది. కాని ఒక్క జ్ఞాపకంతోనే సరిపెట్టుకొంటే ప్రమాదం వున్నది. పోయినదాని గురించి బాధపడటంలో పెట్టుబడిదారు కూడా మనతో కంటతడి పెట్టగలడు. పాత కొల్లేరును తలుచుకొని ఏడవటానికి అతడికేమీ ఖర్చు కాదు. లీజు కాగితం గురించి రాస్తే మాత్రం అతడు లేచి వెళ్లిపోతాడు. మనకు జ్ఞాపకాల నవల పక్కన లీజు నవల కావాలి. సంఘం కార్యదర్శి సంతకం పెట్టే రాత్రి ఏమనుకొన్నాడు, అతడి భార్య ఏమన్నది, ముందుగా వచ్చిన సొమ్ములో ఎవరికెంత పోయింది, పక్క దళిత సంఘంవాళ్లు తమ చెరువు ఇవ్వనన్నప్పుడు వీళ్లు ఏ పక్షాన నిలిచారు - ఇందులో నాటకీయత లేదని ఎవరనగలరు? వర్గసంబంధం అనే మాటను ఉపన్యాసంలో వెయ్యిసార్లు అంటాం. అది కైకలూరు ఐసు ఫ్యాక్టరీ దగ్గర లారీ నిండేవేళ ఎలా వుంటుందో ఒక్క పేజీ రాయలేకపోతున్నాం.

రచయితను మాత్రమే తప్పుపట్టటం అన్యాయం. అటువంటి కథ వస్తే విమర్శకులం ఏమంటాం? 'పేదలమధ్య వైరుధ్యాలు చూపి ఉద్యమానికి హాని చేస్తున్నాడు' అంటాం. దళిత రచయితలూ రచయిత్రులూ గత నాలుగు దశాబ్దాల్లో మన 'అందరం' అనే మాటను పట్టుకొని 'అందరంలో మేమెక్కడ' అని అడిగినప్పుడు మనలో కొందరు ఇదే మాట అన్నారు. కారంచేడు 1985లో జరిగింది. ఆ తరువాత వచ్చిన దళిత మహాసభ, ఐక్యతకు అడ్డువచ్చిందా, లేక అంతదాకా ఐక్యత అని మనం పిలిచినదానిలో ఎంత ఖాళీ వున్నదో చూపిందా? ఈ ప్రశ్నకు మన పత్రికల్లో నిజాయితీగా జవాబులు వచ్చినవి. కాని మన కథాశిల్పంలోకి ఆ జవాబు ఇంకా దిగలేదు. ఇప్పటికీ చివరి పేరాలో ఊరంతా ఒక్కటవుతూనే వున్నది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో సింగునగరంవంటి పేటలు రోజుల తరబడి నీళ్లలో వున్నవి. ఆ నీరు అక్కడితో ఆగలేదు. బుడమేరు దిగేది కొల్లేటిలోకే గనుక కొన్నాళ్లకు లంక గ్రామాల దారులు మునిగినవి. బెజవాడ పేటల్లో ఆటో నడిపేవాడు, కొల్లేటి లంకలో వల వేసేవాడు, ఉప్పుటేరు పొడుగునా పూడికతో పొలం మునిగే రైతు - ముగ్గురూ ఒకే నీటి బాధితులు. ముగ్గురికీ ఆ నీటి దారికి అడ్డుపడ్డ గట్టూ, ప్లాటూ ఎవరిదో తెలుసు. పటం మీద వేలు పెట్టి చూపగల కూటమి ఇది. 2022లో జిల్లాలు మార్చిన తరువాత కొల్లేటి గర్భం ఏలూరు జిల్లాలోకి వచ్చింది గనుక, ఇదివరకటిలా కృష్ణా అధికారి పశ్చిమగోదావరి అధికారి మీదికి నెట్టే సాకు కూడా లేదు. అయినా సింగునగరంవాడు లంకవాణ్ణి, లంకవాడు ఉప్పుటేటి రైతునూ ఇంకా చూడలేదు. ఆ ముగ్గురినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టి చదివించే కరపత్రం ఎవరు రాస్తారు, అందులో మొదటి కోరిక ముగ్గురిలో ఎవరిది అవుతుంది అనేదాని మీద ఏలూరులో మొన్న మా మిత్రులమధ్య పెద్ద వాదనే జరిగింది. లంకవాడిదే ముందు వుండాలని నేనన్నాను. నగరంవాళ్లు సంఖ్యలో ఎక్కువ, వాళ్లతో మొదలుపెడితేనే ప్రభుత్వం కదులుతుందని మిగిలినవారన్నారు. వాదన ఇంకా తేలలేదు.